మోచేతి దగ్గర ఆగిన గాజు

బీబమ్మ నన్ను గుర్తుపట్టదని ఆమె మనవడు మస్తాన్ ఫోన్లోనే చెప్పాడు. "మమ్మల్నే పట్టడంలే టీచరమ్మా, ఊరికే వచ్చి బాధపడతారు" అన్నాడు. నేను చెబితే వినే రకాన్ని కాదు కాబట్టి బస్సెక్కి తిరుపతి వెళ్ళాను. మస్తాన్ ఫ్యాన్సీ స్టోరు వెనకాల చిన్న గదిలో, నులక మంచం మీద ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను చూసిన బీబమ్మ వాకిట్లో కూర్చుంటే గుమ్మం నిండేది. ఇప్పుడు మంచం మీద దుప్పటి ఎక్కువగా, మనిషి తక్కువగా ఉంది. ఏమైందని అడిగితే కోడలు "వయసు గదా" అంది. మస్తాన్ "వయసయిపోయింది టీచరమ్మా" అన్నాడు. పక్కింటి నుంచి చూడటానికి వచ్చినావిడ కూడా అదే మాట అంది. ఆరు నెలల్లో మనిషి సగమైపోతే, ముగ్గురికీ ఒకే మాట దొరికింది, ఇక వెతకాల్సిన పని లేకుండా పోయింది. నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే నా పద్నాలుగో యేట, నేను ఎండుకట్టెనై పోతున్నప్పుడు, నా గురించి కూడా మా ఇంట్లో ఇలాగే ఒక్క మాటతో తేల్చేశారు. ఆ మాట వయసు కాదు, మైలుతుత్తం.

మాది నగరి. చేనేత వాళ్ళ వీధిలో రెండు గుంట మగ్గాల ఇల్లు. ఒక దాని మీద నాయన, ఇంకో దాని మీద అమ్మ. నాయన తల్లి, మా అవ్వ, మగ్గం మీద కూర్చునేది కాదు, కానీ ఆ ఇంటికి అసలు యజమాని ఆమే. ఎందుకంటే గంజి ఆమె చేతిలో ఉండేది. పడుగు నూలుకు గంజి పెడితేనే దారం బిగిసి, మగ్గం దెబ్బకు తెగకుండా నిలుస్తుంది. తెల్లవారుజామున, ఎండ రాకముందే, వీధి పొడవునా గుంజల మీద పడుగు సాచి, ఇద్దరు మనుషులు అటూ ఇటూ నడుస్తూ కుంచెతో ఆ గంజి పట్టించేవాళ్ళు. ఆ గంజి కాచే విద్య అవ్వది. నూకల్ని ముందురోజు పొద్దున్నుంచి నానబెట్టి, సాయంత్రం మట్టికుండలో మెత్తగా ఉడికించి, పలుచగా జారేలా చేసి, చెంచాడు నూనె కలిపి మూత పెట్టేది. ఇల్లంతా పుల్లటి అన్నం వాసన, దాని మీద కట్టెల పొగ. ఇప్పటికీ ఎక్కడైనా అన్నం వార్చిన వాసన వస్తే నాకు కండెలు చుట్టే రాట్నం చప్పుడు వినిపిస్తుంది. తెల్లారి, పడుగు సాచే ముందు మాత్రమే, గంజికి బూజు పట్టకుండా అటక మీది డబ్బా దించి, అందులోంచి నీలం రంగు పలుకు ఒకటి నూరి కలిపేది. అదే మైలుతుత్తం. "తాకితే సస్తారు" అని మాకు మాటలు రాని వయసు నుంచే నూరిపోసింది. కుండ దగ్గరికి పిల్లలెవరం పోయేవాళ్ళం కాదు.

అలాంటి కుండ దగ్గరికి నేను పోయాను. నా ఆకలి గురించి చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. పొద్దున సంగటి ముద్ద తిని, బడికి పోయేలోపు ఇంకో ముద్ద అడిగేదాన్ని. మధ్యాహ్నం మా అన్న తినేంత తిని, వాడి కంచంలో మిగిలింది కూడా ఊడ్చేదాన్ని. గంటకల్లా కడుపు మళ్ళీ ఖాళీ. అంత తింటున్నా పావడ నాడా నెలనెలా ఇంకో రెండు వేళ్ళు లోపలికి బిగించుకోవాల్సి వచ్చేది. చెంపలు పీక్కుపోయి కళ్ళు బయటికి వచ్చాయి. బడిలో గుడ్లగూబ అని పేరు పెట్టారు. దువ్వెన నిండా వెంట్రుకలు. మార్గశిరం చలిలో అందరూ దుప్పట్లు కప్పుకుంటే నేను బండల మీద ఓణీ తీసేసి పడుకునేదాన్ని. గుండె మాత్రం మా నాయన మగ్గం కంటే వేగంగా ఆడేది. పడుకుంటే చెవిలో ఆ చప్పుడే. ఎవరైనా ఒక్క మాటంటే చాలు, కయ్యిమని లేచేదాన్ని, ఆ వెంటనే ఏడ్చేదాన్ని. "తిన్నదంతా యాడ పోతా ఉండాదే నీకు?" అని అవ్వ నా చుట్టూ తిరిగి చూసేది. మొదట నేను అన్నం బడిలో ఎవరికో పంచిపెడుతున్నానని అనుమానించింది. తరువాత రహస్యంగా ఏదో మొక్కు మొక్కుకుని ఒక్కపొద్దులుంటున్నానంది. దిష్టి తీసింది. మా ఊరి డాక్టరు పురుగులకు మందిచ్చి, ఎర్రటి టానిక్ సీసా చేతిలో పెట్టాడు. ఆ టానిక్ ఆకలి పెంచేదట! నాకు ఆకలి తక్కువైతే గదా.

ఒకరోజు తెల్లవారకముందే లేచి, అవ్వ ఇంకా వాకిట్లో ముగ్గు వేస్తుండగా, కుండ మూత తీసి గంజి ఒక చెంబెడు తాగాను. ఉప్పు లేదు, నూనె వాసన, అయినా అమృతంలాగే ఉంది. తగ్గింది కనపడకుండా ఒక చెంబు నీళ్ళు పోశాను. మరుసటి రోజు కూడా. అట్లా వారం. నేను తాగింది తుత్తం కలపకముందు. నాకు అంత మతి ఉంది. కానీ నీళ్ళ గంజి పడుగును పట్టుకుంటుందా? నాయన మగ్గం మీద కూర్చుంటే పోగులు పుటుక్కు పుటుక్కుమని తెగడం మొదలుపెట్టాయి. ఒక పోగు అతికించే లోపు ఇంకో నాలుగు. మూడో రోజుకు ఆయన గుంటలోంచి లేచి వచ్చి గోడకు జారగిలపడి కూర్చున్నాడు. ఆ చేతులు అట్లా ఊరికే ఒళ్ళో పడి ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నేనే వెళ్ళి చెప్పేశాను. "నేనే నాయనా. ఆకలికి తాళలేక తాగినాను. నీళ్ళు కలిపినాను."

ఆయన కోప్పడలేదు. అవ్వ మాత్రం నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా తల్లీ! ఇదా సంగతి! తుత్తం తాగినావంటే! అందుకే గదా ఇట్లా ఎండిపోతా ఉండావు!" అంతే, చిక్కుముడి విడిపోయింది వాళ్ళకు. "తుత్తం ఎయ్యకముందే తాగినానవ్వా" అంటే ఎవరూ నమ్మలేదు. "నేను సన్నబడింది దసరాకు, గంజి తాగింది ఈ వారమే" అంటే ఎవరూ లెక్క వేసి చూడలేదు. ఇంట్లో విషం ఉంది, పిల్ల విషం కుండలో చెంబు ముంచింది, పిల్ల ఎండిపోతోంది. మగ్గం ఉన్న ఏ ఇంట్లోనైనా ఇదే అనుకునేవాళ్ళు, వాళ్ళను తప్పుపట్టలేను. విషం దిగాలని వారానికోసారి ఆముదం తాగించారు. పథ్యం పెట్టారు, పలుచని మజ్జిగ, బార్లీ నీళ్ళు, అంతే. ఆకలితో చచ్చే పిల్లకు అన్నం ఆపేశారు. అదీ ప్రేమతోనే. అవ్వ నా తల ఒళ్ళో పెట్టుకుని, గ్లాసుతో మజ్జిగ పడుతూ కళ్ళ నీళ్ళు పెట్టుకునేది. నెలకల్లా నేను గోడ పట్టుకుని నడిచే స్థితికి వచ్చాను. ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ నేను బతకనని అందరికీ తెలుసు. నాక్కూడా తెలుసు. నాకు చావంటే భయం కంటే, నేను అబద్ధం చెప్పానని అనుకుంటూనే వీళ్ళు నన్ను సాగనంపుతారన్న ఉక్రోషమే ఎక్కువగా ఉండేది.

ఆ రోజుల్లోనే మా చిన్నమ్మకు ఏడో నెల వచ్చింది. మా వైపు దాన్ని వళకాపు అంటారు. కడుపుతో ఉన్న ఆడదానికి చేతుల నిండా గాజులు తొడగాలి, వచ్చిన ఆడవాళ్ళందరికీ తొడగాలి. గాజులంటే బీబమ్మే. పుత్తూరు నుంచి నగరి దాకా ఆమె తొక్కని గడప లేదు. భుజాన గాజుల మలారం, తాళ్ళకు గుచ్చిన రంగురంగుల మట్టిగాజుల బరువుతో ఒక పక్కకు ఒరిగి నడిచేది. వాకిట్లో చాప మీద కూర్చుంటే ఆమె చుట్టూ ఒక తిరునాళ్ళు. నేను ఈ వయసుకు ఎన్నో చూశాను, ఇప్పుడు గుండెను విప్పి కుట్టే డాక్టర్లున్నారు, అయినా బీబమ్మ చేతుల్ని చూసినప్పటి ఆశ్చర్యం నాకు మళ్ళీ కలగలేదు. ఆమె మన చెయ్యి చూసేది కాదు. మన ముఖం చూస్తూ, ఊరి కబుర్లన్నీ చెబుతూ, బొటనవేలి కణుపును లోపలికి మడిచి, అరచేతిని అరచేతిలోకే ఒత్తి, మనం అమ్మా అనేలోపు డజను గాజులు మణికట్టు మీదికి తెచ్చేసేది. ఒక్కటి చిట్లేది కాదు. ఏ ఇంట్లో ఎవరి చేతికి ఏ సైజో ఆమెకు కంఠతా వచ్చు. ముఖాలు మరిచిపోయినా చేతులు మరిచేది కాదు.

నన్ను లోపల మూల గదిలో పడుకోబెట్టారు, శుభకార్యంలో అట్లాంటి పిల్ల ముందుకు రాకూడదని. బీబమ్మే అడిగింది, "మగ్గాలోళ్ళ పెద్ద పాప యాడక్కా? పోయిన ఉగాదికి రెండారు సైజు ఏసినానే, ఆకుపచ్చవి." అవ్వ ఏదో నసిగింది. బీబమ్మ లేచి లోపలికి వచ్చేసింది. నన్ను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తరువాత వచ్చి పక్కన కూర్చుని, అలవాటు కొద్దీ నా చెయ్యి తీసుకుంది. మాట్లాడటం ఆపేసింది. బీబమ్మ చేతిలో చెయ్యి ఉండగా ఆమె నోరు ఆగిపోవడం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

"ఇది చలికాలం. అందరి చేతులూ గట్టిగా, పొడిగా ఉండాయి. కొబ్బరినూనె రాస్తే గాని గాజు ఎక్కడంలే. ఈ పిల్ల చెయ్యి ఉడుకుడుకుగా, తడిగా ఉండాదే" అంది తనలో తాను అనుకుంటున్నట్టు. మలారంలోంచి నాలుగు ఆకుపచ్చ గాజులు తీసి, నా వేళ్ళ మీదుగా వదులుగా వేసి, "చెయ్యి ఇట్లా సాపు బేటీ. కదిలించొద్దు" అంది. సాచాను. కదిలించలేదు, ఒట్టు. గాజులు వాటంతట అవే గలగలమన్నాయి. సన్నగా, ఆగకుండా. బయట ఆడవాళ్ళ నవ్వుల్లో కూడా ఆ చప్పుడు వినపడింది. అవ్వ గడప దగ్గర నిలబడి విన్నది. బీబమ్మ బొటనవేలు నా మణికట్టు లోపలి వైపు ఆనించి కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచేసరికి వాటినిండా నీళ్ళు.

"అక్కా, ఇది తుత్తం గాదు" అంది అవ్వతో. "మా సెల్లెలు మెహరున్ చెయ్యి ఇట్లే ఉండె. తినేది, తినేది, ఎండిపొయ్యేది. అన్నం దాసి కుక్కలకేస్తా ఉండాదని మా అత్త తిట్టేది. నేనూ తిట్టినాను. గాజులేస్తే ఊరికే మోగేవి, దానికి ఆటలనుకుంటిమి. సచ్చిపొయ్యే ముందర పలమనేరు నుంచి వచ్చిన ఒక డాక్టరు చెప్పినాడు, గొంతులో గెడ్డ అంట, అది ఒంటిని కాల్చేస్తాదంట. మందు ఉండె అక్కా, దానికి మందు ఉండె! ఈ పిల్లను రేప్పొద్దునే తిరుపతికి తీసుకపోండి. పోకపోతే నేను తీసుకపోతా."

మా అవ్వకు ఎదురు చెప్పిన మనిషి ఆ వీధిలో లేదు. అవ్వ నా మెడ వైపు చూసింది. ఒళ్ళంతా ఎండినా ఈ పిల్లకు కంఠం మాత్రం నిండుగా ఉందని ఆమే మురిసిపోయేది. అక్కడే కూలబడింది.

తిరుపతి ఆసుపత్రిలో లేడీ డాక్టరు అమ్మను బయటికి పంపి, నన్ను ఒంటరిగా అడిగింది. "తిన్నది ఎవరూ చూడకుండా కక్కేస్తావా? లావుగా ఉన్నానని భయమా? నిజం చెప్పు, తిట్టను. అదీ ఒక జబ్బే, దానికీ మందుంది." లేదన్నాను. దగ్గుందా, రాత్రుళ్ళు జ్వరమా, మాటిమాటికీ దాహమా, ముట్టు ఆగిందా, ఇంట్లో ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఒక్కొక్కటీ అడిగింది. మనిషి ఊరికే సన్నబడడానికి ఇన్ని దారులుంటాయని, వాటిలో ఏదో ఒకటి చటుక్కున నమ్మేయకుండా ఒక్కో తలుపూ తట్టి చూడాలని నాకు ఆరోజు తెలిసింది. నన్ను నీళ్ళు మింగమని మెడ చూసింది. తరువాత రెండు చేతులూ ముందుకు చాపమని, వేళ్ళ మీద ఒక తెల్లకాగితం పెట్టింది. కాగితం గడగడ వణికింది. అమ్మ తలుపు సందులోంచి చూస్తూ, "బీబమ్మ గాజులతో చూసింది ఇదే గదమ్మా" అంది. డాక్టరు ఎవరు బీబమ్మ అని అడిగింది. అమ్మ చెప్పింది. ఆమె కాగితం పక్కన పెట్టి, కళ్ళద్దాలు తీసి, "నేను ఆరేళ్ళు చదివితే గాని నాకు ఈ విద్య రాలేదు" అంది. రక్తం మద్రాసుకు పంపారు. థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేస్తోందని వచ్చింది. మాత్రలు మొదలయ్యాయి. అన్నం పెట్టమన్నారు! ఎంత అడిగితే అంత పెట్టమన్నారు!

ఊరికి వచ్చిన మర్నాడే బీబమ్మ వచ్చింది. నా చేతికి నా పాత రెండారు సైజు ఆకుపచ్చ గాజులు నాలుగూ తొడిగింది. చెయ్యి పైకెత్తితే అవి గలగలా జారి మోచేతి దాకా పోయి ఆగేవి. దించితే వేళ్ళలోంచి ఊడి పడేవి. నాయన మగ్గం మీది పడుగు దారం ఒక మూర తెంపి, మణికట్టు దగ్గర కట్టి అవి కిందికి ఊడిపోకుండా ఆపింది. "మందు ఏసుకో, తిను. ఇవి మణికట్టు కాడ నిలబడిన నాడు నేనొచ్చి కొత్తవి ఏస్తా" అంది. ఆ తరువాత నేను చెయ్యి ఎత్తి చూసుకోని రోజు లేదు. నెలకు గాజులు మోచేతి దాకా పోవడం మానేశాయి. ఇంకో రెండు నెలలకు ముంజేతి మధ్యలో ఆగాయి. చెయ్యి చాపితే మోగడం ఆగింది. మళ్ళీ ఉగాది దాటిన కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం, బండ మీద బట్టలుతుకుతూ చెయ్యెత్తితే అవి కదల్లేదు. తడిబట్టలతోనే వీధిలోకి పరుగెత్తాను.

అవ్వ క్షమించమని అడిగే మనిషి కాదు. కానీ నేను ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాటి నుంచి, తెల్లవారుజామున అటక మీది డబ్బా దించే ముందు, కుండలోంచి ఒక గిన్నెడు గంజి తీసి, ఉప్పు వేసి, నా తలగడ పక్కన పెట్టేది. "తుత్తం ఎయ్యలే. తాగు" అనేది, నా ముఖం చూడకుండా. ఆమె బతికి ఉన్నన్నాళ్ళూ, నా ఆకలి తగ్గిపోయాక కూడా, ఆ గిన్నె ఆగలేదు.

ఇప్పుడు నా గ్రంథి అలసిపోయింది. దానికి విరుగుడుగా రోజూ తెల్లవారుజామున, సరిగ్గా పడుగు సాచే వేళకు, ఖాళీ కడుపుతో ఇంకో రకం మాత్ర వేసుకుంటాను. రక్తం పొద్దున ఇస్తే సాయంత్రానికి ఫోన్లో అంకెలు వస్తాయి. మనవరాలి చేతి గడియారం ఆమె గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెబుతుంది. మంచిదే, మెహరున్ కాలంలో ఇవి ఉండి ఉంటే ఆ పిల్ల బతికేది. కానీ పోయిన నెల మస్తాన్ స్టోరు వెనకాల గదిలో, ఇన్ని అంకెల కాలంలో, ఆరు నెలలుగా బీబమ్మ చెయ్యి పట్టుకుని చూసినవాళ్ళు లేరు.

నేను మంచం పక్కన కూర్చుని నా చెయ్యి ఆమె చేతిలో పెట్టాను. ఆమె కళ్ళకు మసకలు కమ్మాయి, తెరిచినా ఎవరినీ చూడటం లేదు. కాసేపటికి ఆమె బొటనవేలు కదిలింది. నా బొటనవేలి కణుపును వెతికి, లోపలికి మడిచి, ఒత్తింది. "నగరి" అంది గొణుగుతూ. "మగ్గాలోళ్ళ పాప. మోగే చెయ్యి." ఆమె ఇంకోసారి ఒత్తి చూసి, "లావయినావు గదే. రెండెనిమిది పైమాటే" అంది. నేను నవ్వుతూ ఏడ్చేశాను. అరవై దాటిన టీచరమ్మను, అట్లా వెక్కివెక్కి ఏడుస్తుంటే కోడలు నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నా చేతిసంచిలో ఆ నాలుగింట్లో మిగిలిన ఒక ఆకుపచ్చ గాజు ఉంది, పెట్టెలోంచి తీసి ఆమెకు చూపిద్దామని తెచ్చాను. దాన్ని ఆమె చేతికి తొడిగాను. ఒత్తాల్సిన అవసరమే లేకుండా పోయింది, చెయ్యెత్తితే మోచేతి దాకా జారింది. "మొగుడు పోయినాక ఏసుకోలేదే, నాకెందుకు" అని వెనక్కి లాక్కోబోయింది. "ఇది గాజు కాదు బీబమ్మా, కొలత" అన్నాను. కోడలి కుట్టుమిషను మీద దారం తెంపి మణికట్టు దగ్గర కట్టాను. "తిను. మందేసుకో. ఇది మణికట్టు కాడ నిలబడిన నాడు నేనొచ్చి కొత్తవి ఏస్తా." మస్తాన్ వైపు తిరిగి, ఇంకోసారి నా ముందు వయసు అన్నావంటే ఊరుకోనని, రేపు పొద్దునే డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మని, ఆమె మింగే మాత్రలన్నీ సంచిలో వేసుకుని పొమ్మని, ఆమె నోరు కూడా తెరిపించి చూపించమని చెప్పాను. బడిలో పిల్లల్ని గదిమే గొంతుతోనే చెప్పాను.

కట్టుడు పళ్ళ కింద చిగురు పుండై ఉందట. నమిలితే ప్రాణం పోయే నొప్పి, చెప్పే ఓపిక లేక అన్నం వద్దనేదట. పైగా షుగరుకని రాసిన మాత్ర ఒకటి ఉన్న కాస్త ఆకలిని చంపేస్తోందట. మాత్ర మార్చారు, పళ్ళు తీసి పక్కన పెట్టారు, కోడలు గంజి కాచి ఉప్పేసి పడుతోందని మస్తాన్ చెప్పాడు. నెల గడిచాక, నిన్న సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశాడు. ఎత్తుతూనే "ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు టీచరమ్మా, దాదీ చెప్పమనింది. పొద్దున లేస్తూనే చెయ్యెత్తి చూసుకుంటా ఉండాది. గాజు మోచేతి కాడ నుంచి రెండు వేళ్ళు కిందికే ఆగిపోతా ఉండాదంట. కొత్తవి ఎర్రవి తెమ్మనింది."